కాల్చకుండా పోయినవాడు

విక్రమ్ విసిరిన గేమ్ కంట్రోలర్ గోడకు తగిలి మూల పగిలింది.

తెర మీద విక్రమ్ తప్ప అతని జట్టులో అందరూ నేలకొరిగారు. అందరినీ కాల్చింది ఒక్కడే. ఆటలో వాడి పేరు 'డస్ట్'. చివరికి విక్రమ్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. తుపాకి దించాడు. వెనక్కి తిరిగి తన దారిన తాను పోయాడు.

ఎప్పుడూ ఇంతే.

హెడ్‌సెట్‌లో పాపి నవ్వాడు. వాడు తన ఇంట్లోనుంచి విక్రమ్ జట్టులో ఆడతాడు.

"మమ్మల్ని చంపితే చంపినాడు. నిన్ను మాత్రం పసిబిడ్డను వదిలినట్టు వదిలేస్తాండాడు కదప్పా."

ఆ మాట విక్రమ్‌కు ముల్లులా దిగింది.

తల్లి రామలక్ష్మమ్మ లోపలికొచ్చి, పగిలిన కంట్రోలర్‌ను కొంగుతో తుడిచి తీసుకుపోయింది. ఇంతకుముందు పగిలినవీ అలాగే తీసుకుపోయింది. కొత్త గేమ్ డబ్బా వచ్చాక పాతదీ అంతే. అవన్నీ ఎక్కడికి పోతాయో విక్రమ్ ఎన్నడూ అడగలేదు.

ఆటలో విక్రమ్ పేరు 4554.

అది తండ్రి చక్రధర్ రూపనగుడిలో సేద్యం చేసే రోజుల్లో కొన్న ట్రాక్టర్ నంబరు. గనుల జోరులో ఖనిజం తోలే లారీలు కొన్నా, గాంధీనగర్‌లో ఇల్లు కట్టి జీపు కొన్నా, అన్నిటికీ అదే నంబరు పట్టుబట్టి తెచ్చుకున్నాడు. బళ్ళారిలో ఆ నంబరు చూసి దారి ఇవ్వనివాడు లేడు.

అలాంటి నంబరును చూసి వీడు జాలిపడతాడా?

విక్రమ్‌కు ఇంట్లో కూర్చుని ఆడడం తప్ప వేరే దారి లేదు. పోయినేడు యశ్వంతనగర్ మలుపులో జీపును బోల్తా కొట్టించాడు. కళ్ళు తెరిచేసరికి ఆసుపత్రిలో ఉన్నాడు. ఎలా బయటపడ్డాడో గుర్తులేదు, ఎవరినీ అడగనూలేదు. అప్పటినుంచి చక్రధర్ తాళాలు దాచేశాడు. ఏదో ఒకదాంట్లో గెలిచి చూపించు, అప్పుడు ఇస్తానన్నాడు.

బెంగళూరు పోటీకి ఈ ప్రాంతం నుంచి ఒక్క జట్టుకే చోటు. దానికి అడ్డం డస్ట్ జట్టే.

విక్రమ్ చేతిలో ఒక దొంగ ఉపాయం ఉంది. నెట్ వైరును మధ్యలో తెంపి చిన్న స్విచ్చు పెట్టించుకున్నాడు. నొక్కితే ఎదుటివాళ్ళ తెర మీద అతని బొమ్మ బిగుసుకుపోతుంది. వాళ్ళు నెట్‌ను తిట్టుకునేలోగా ఇతను కాల్చేస్తాడు. దానితో చాలామందిని ఓడించాడు గానీ డస్ట్ ముందు అదీ పారలేదు.

"వాడు కంట్రోలర్‌లో ఏందో మార్చుకున్నాడు లే. మనిషన్నోడు అట్ల ఆడలేడు" అన్నాడు విక్రమ్. "ఈ సారి వాన్ని ఆటలో కాదు, ఆటలోనించే లేపేస్తా."

తెలిసినవాళ్ళందరి చేతా పోటీ పెట్టేవాళ్ళకు ఫిర్యాదులు రాయించాడు. వాళ్ళు రెండు జట్లనూ కంట్రోలర్ల ఫోటోలు పంపమన్నారు.

విక్రమ్ కంట్రోలర్ ఫోటోలో కడిగిన ముత్యంలా ఉంది. స్విచ్చు ఉండేది వైరులో కదా.

డస్ట్ దాచకుండా పంపాడు. కంట్రోలర్ మార్చినది నిజమేనని తేలింది. ఇక ఏ పోటీలోనూ ఆడకుండా వాడి పేరు కొట్టేశారు.

విక్రమ్ ఆ సాయంత్రమే వాడికి సందేశం పెట్టాడు: "దొంగ నాయాలా, ఇప్పుడు ఎవర్ని వదిలేస్తావు?"

ఎన్నడూ నోరు విప్పనివాడు ఒక్క మాట రాశాడు: "బాగుండప్పా."

భయపడినాడని పాపితో చెప్పి విక్రమ్ కడుపుబ్బా నవ్వాడు.

డస్ట్ లేని జట్టు నిలవలేదు. విక్రమ్ జట్టు గెలిచింది. చక్రధర్ మారుమాట లేకుండా జీపు తాళాలు కొడుకు చేతిలో పెట్టాడు.

వాటిని వేలికి తిప్పుకుంటూ వాకిట్లోకి వచ్చేసరికి, వాళ్ళ లారీ డ్రైవర్ దురుగప్ప ఒక అట్టపెట్టె దించుతున్నాడు. యశ్వంతనగర్ నుంచి అమ్మకు పంపినారన్నాడు.

విక్రమ్ విప్పి చూశాడు.

తన పాత గేమ్ డబ్బా. దాని మీద తాను అంటించిన 4554 స్టిక్కర్. పక్కన ఎప్పుడో తాను పగలగొట్టిన కంట్రోలర్, ఒక చెక్కకు బిగించి ఉంది. కుడివైపు బటన్లన్నీ వైర్లతో ఎడమవైపుకు తెచ్చారు. తొడకు కట్టుకునేందుకు సైకిల్ ట్యూబు ముక్కలు. అన్నిటి మీదా ఎర్రటి దుమ్ము.

"ఇది యాడికి పంపినావమ్మా?"

లోపలినుంచి వచ్చిన రామలక్ష్మమ్మ పెట్టె పక్కనే కూలబడింది. ఇన్నాళ్ళూ దాచినదంతా మెల్లగా చెప్పింది. గని క్వార్టర్సులో పరశురామ్ అని ఒకడున్నాడు. జీపు బోల్తా పడ్డప్పుడు వెనకనుంచి లారీ వస్తున్నా ఉరికివచ్చి విక్రమ్‌ను బయటికి లాగాడు. విక్రమ్ బయటపడ్డాడు, పరశురామ్ కుడిచెయ్యి లారీ కింద పోయింది. కేసవుతుందని చక్రధర్ ఆ మాట బయటికి పొక్కనివ్వలేదు. చెయ్యి పోయినవాడు ఉత్తినే కూర్చోలేకపోతున్నాడని తెలిసి ఆమె ఈ ఆట సామాను పంపింది.

"ఇంగ దీంతో పనిలేదని పంపించేసినాడే. ఏమాయెనో ఏమో."

విక్రమ్ చేతిలో తాళాలు ఆగిపోయాయి.

"ఆయప్పకు నేనని తెలుసునా?"

"తెలీకేం? జీపు మీద నంబరు చూసినాడు కదా. ఆటలోనూ అదే నంబరంట. నీకు చెప్పద్దన్నాడు."

విక్రమ్ పెట్టె ముందు కూర్చున్నాడు.

"అందర్నీ కాల్చేటోడు. నన్నెందుకు వదిలేసెనమ్మా?"

రామలక్ష్మమ్మ చెక్క మీది దుమ్మును కొంగుతో తుడిచింది.

"నేనూ అడిగితి. ఒకసారి బతికించినోన్ని ఆటలోనైనా చంపేకి మనసు రాదంటప్పా."