రెండు గీతలు కలిసిన చోటు

అరవై ఎనిమిదో సంవత్సరం వానల్లో, మా అబ్బాయి కొండబాబు పనిచేసే ఓడ నుంచి ఉత్తరం వచ్చింది. జ్వరంతో పోయాడట, శవాన్ని సముద్రంలోనే దింపేశారట. ఎక్కడో చెప్పడానికి అక్షాంశం, రేఖాంశం అని రెండు అంకెలు రాశారు. నౌపడ బడి మాస్టారు పటం మీద ఆ రెండు గీతలూ కలిసిన చోట వేలు పెట్టి చూపించారు. అంతా నీలమే.

ఇంటికొచ్చి నా భార్య అసిరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నవ్వింది.

“నీ ఏళాకోళానికి అంతు లేదేటి మావా? నిరుడు మా అన్న పడవ మునిగిపోనాదని ఏడిపించినావు. ఇప్పుడు కొడుకా?”

“ఇది నిజమేనే.”

“సముద్రంలో సోటుకి అంకెలేటి? వల తెగిన సోటైనా, పడవలోంచి సూస్తే ఒడ్డున ఏ కొండ ఏ తాటిసెట్టు మీదికొస్తాదో సెప్తారు. నువ్వూ అలాగే సెప్పు, నమ్ముతాను.”

“అక్కడికి ఏ కొండా కనపడదే.”

ఆమె నవ్వు ఆగిపోయింది. నా ముఖంలోకి చూసింది.

“కొండ కనపడనంత దూరం ఆడిని ఎవులు పంపినారు మావా?”

కొండ కనుమరుగైతే ఏడుస్తావురా అని రేవులో పదిమంది ముందు వాణ్ణి ఎగతాళి చేసింది నేనే. ఆ వారమే వాడు ఓడెక్కాడు.