చైర్మన్ గారి గాజుగోడ

“సాబ్ లేడు,” అన్నాడు ప్యూను గణేశ్.

గోడ అవతల చైర్మన్ సిద్ధరాములు చాయ్‌లో ముంచిన బిస్కెట్ నోట్లో పెట్టుకుని, నమలకుండా ఆగాడు.

యల్లమ్మ బీడీల చాట చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఆమె భర్త బాలయ్య చేయి నేత సొసైటీ షెడ్డులోని పవర్‌లూమ్‌లో పడి నలిగింది. ప్రమాదం మా షెడ్డులో కాదు, వాళ్ల ఇంట్లోనే జరిగిందని సిద్ధరాములు దాజీ పేట్ వాడంతా చెబుతున్నాడు. ఆ మాట తన ముఖం చూసి చెప్పమనడానికే యల్లమ్మ వస్తుంది. వచ్చినప్పుడల్లా సాబ్ ఉండడు. ఆమె లోపలికి తోసుకొస్తే వెనక తలుపు ఉండనే ఉంది.

ఈలోగా సొసైటీకి కొత్త ఆఫీసు కట్టాలని తీర్మానమైంది. ఋతుజ అనే ఆర్కిటెక్టు నమూనా పట్టుకుని వచ్చింది. పుణే నుంచి అని వినగానే సిద్ధరాములు కూలర్ తన వైపు నుంచి ఆమె వైపు తిప్పించాడు. ఇంటిపేరు కూడా అడగలేదు.

ముందు వైపు ఇటుకే ఉండదంది ఆమె. అంతా అద్దం. దాన్ని పట్టి నిలిపే ఉక్కు స్తంభాలకు పూత గీత ఏమీ లేకుండా బయటికే కనబడనిస్తారట. ఇనుము కనబడితే గరీబు కొంపలా ఉండదా అని ఆయన అనుమానపడ్డాడు. పెద్ద ఊళ్లలో ఇప్పుడిదే పద్ధతి, రోడ్డున పోయేవాళ్లంతా చైర్మన్ పనిచేయడం చూస్తారు, దీన్ని పారదర్శకత అంటారు అని ఆమె చెప్పింది. ఆ మాట ఆయన నాలుకకు దూద్‌పేడాలా తీయగా తగిలింది. ప్రతి మీటింగులోనూ చప్పరించాడు. వెనక తలుపు ఉంటే అందం చెడుతుందని ఆమె అంటే దాన్నీ నమూనాలోంచి కొట్టేయించాడు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది, పేపర్లలో ఫొటోలు పడ్డాయి. మర్నాడే యల్లమ్మ వాడకట్టు ఆడవాళ్లతో వచ్చింది.

“సాబ్ లేడు,” అన్నాడు గణేశ్, అలవాటు కొద్దీ.

ఆడవాళ్లు అతని భుజం మీదుగా చూశారు. సాబ్ లేచి ఉక్కు స్తంభం వెనక నిలబడ్డాడు. స్తంభం జానెడు, సాబ్ మూరెడు. ఒకామె అటుపక్క కనబడుతున్న పొట్టకు నమస్తే పెట్టింది. రోడ్డు మీద ఆటోలు ఆగాయి.

బోల్టులు చూడడానికి వచ్చిన ఋతుజ లోపలే ఉంది.

“గింత సన్నటి ఖంబా ఎందుకు పెట్టినవ్ మేడం?” అన్నాడాయన గొంతు తగ్గించి.

“అది అద్దాన్ని మోసెటందుకు సార్. మనిషిని దాచెటందుకు కాదు.”

“అద్దానికి పరదా అన్నా ఏపియ్యి.”

“పేపర్ల ఫొటోలు అచ్చినంక పరదా ఏస్తె, లోకం నవ్వుతది.”

ఇక దారి లేక ఆయన యల్లమ్మను లోపలికి పిలిపించాడు.

“నా పెనిమిటి చెయ్యి ఏడ పోయింది సాబ్?” అని ఆమె నెమ్మదిగా అడిగింది. “నా మొకం జూసి చెప్పు.”

అద్దం బయట వాడంతా చూస్తోంది. సిద్ధరాములు చెమట తుడుచుకున్నాడు.

“మా షెడ్లనే,” అన్నాడు.



ఋతుజ కుర్చీ లాగి తన కన్నతల్లిని కూర్చోబెట్టింది.