మూడు వందల పన్నెండు ఇళ్లు

“మీటరు మనిషి వస్తోందోయ్!”

వీధి మొదట్లో కేక. రెప్పపాటులో ఫ్యాన్లు ఆగాయి, టీవీలు ఆగాయి. చొక్కా కాలరు సగంలో ఉండగానే మిషనక్క తన కుట్టుమిషను మోటారు కట్టేసి, మెయిన్ కిందికి లాగింది.

మీటరు గిర్రున తిరుగుతుండగా చూస్తే బిల్లు ఎక్కువ రాస్తారని ఆ వీధి నమ్మకం. ఎవరు పుట్టించారో తెలీదు. మూడు వందల పన్నెండు ఇళ్లూ నమ్మేవి.

వచ్చినావిడకు యాభై ఏళ్లుంటాయి. వెలిసిన నూలు బట్టలు, రబ్బరు చెప్పులు, చంకలో పొడుగాటి పుస్తకం.

“నేను కరెంటు కంపెనీ మనిషిని కాదమ్మా. మీ వీధి ఎంత వాడుతుందో లెక్క రాసుకుంటున్నా.”

“కంపెనీ మనిషివి కాకపోతే మా మీటర్లతో నీకేం పని? రాసి ఎవరికిస్తావ్?”

“మీకే.”

“ఆహా! మా ఇంటి సంగతి మాకే చెప్తావా? వెళ్లి నీ పని చూసుకో తల్లీ!”

మిషనక్క తలుపు ధడాలున పడింది.

ఆవిడ ఆర్నెల్లు వచ్చింది, ప్రతి నెలా మొదటి వారం. కొందరు మీటరు చూపించారు. కొందరు కుక్కను వదిలారు. ఆరో నెల మిషనక్కకు ఒళ్లు మండింది. బకెట్లోని సబ్బునీళ్లు గుమ్మంలోకి విసిరింది. సగం పుస్తకం మీదే పడ్డాయి.

ఆవిడ అట్టను అరచేత్తో తుడుచుకుంది.

“తడిసినవి మళ్లీ రాసుకుంటాలే,” అని పక్కింటి తలుపు కొట్టింది.

“సిగ్గూ శరం లేని మనిషి!” అంది మిషనక్క, ఆవిడకు వినపడేలాగే.

ఆ తర్వాత ఆవిడ రాలేదు. నోటీసు వచ్చింది.

వీధి కరెంటును తెగ తాగేస్తోందట. దొంగిలిస్తోందట కూడా. అందుకని రోజుకు రెండు గంటల కోతను ఆరు గంటలు చేస్తారట. అదీ పట్టపగలు. అభ్యంతరాలుంటే పది రోజుల్లో విచారణకు వచ్చి చెప్పుకోవాలట.

పగలు ఆరు గంటలు మోటారు ఆగితే బడి యూనిఫాంల ఆర్డరు పోయినట్టే. అది పోతే మిషనక్క ఇంట పొయ్యిలో పిల్లి లేవదు.

మూడో రోజు ఆమె పేరున పోస్టులో ఒక కట్ట వచ్చింది. లోపల ఆ పొడుగాటి పుస్తకం. దాంతోపాటు ‘విచారణాధికారికి మాత్రమే’ అని రాసి, సీలు వేసిన కవరు.

రోజూ కొలతలు రాసుకునే మనిషికి అంకెలు చదవడం ఎవరూ నేర్పక్కర్లేదు. ఎడమ పేజీల్లో వీధి, ఇల్లిల్లూ, అడుగున వీధి చివరి ట్రాన్స్‌ఫార్మరు మీటరు అంకె. కుడి పేజీల్లో కొండ మీది బంగళా ఒక్కటే. కుడివైపు మొత్తం వేసి ఉంది. ఎడమవైపు వెయ్యలేదు. నలభై ఏడు గళ్లు ఖాళీ. పక్కన ‘తలుపు తియ్యలేదు’ అని చిన్నక్షరాలు.

ఆ ఖాళీల్లో మొదటిది తన ఇల్లే.

మిషనక్క పుస్తకం పట్టుకుని వీధిలో పడింది.

“పోయిన నెల బిల్లు తియ్యి. యూనిట్లు ఎన్నో చెప్పు.”

“ఎందుకక్కా, ఇరుక్కుంటామేమో?”

“ఇప్పుడేమన్నా పూలపాన్పు మీదున్నామా? తియ్యి! చెప్పనివాళ్ల బట్టలు ఈ జన్మలో కుట్టను.”

గళ్లన్నీ నిండాయి.

విచారణ రోజున కంపెనీ ఇంజినీరు ముందుగా లేచాడు. మొదటి వరుసలో కంపెనీ చైర్మన్ కూర్చుని ఉన్నాడు.

“సార్, మావాళ్లు ఎప్పుడు వెళ్లినా అక్కడ ఒక్క మీటరూ తిరగదు. ఇళ్ల నిండా మనుషులుంటారు. ఇది దొంగ కరెంటు కాక మరేంటి?”

మిషనక్క లేచింది.

“మీవాళ్లని చూస్తే మెయిన్ ఆపేస్తాం సార్. అది మా తెలివితక్కువతనం, రాసుకోండి. తెలివితక్కువతనానికి ఆరు గంటల కోత అయితే, ముందు మీ ఆఫీసుకే వెయ్యాలి.”

హాలు గొల్లున నవ్వింది.

“దొంగిలిస్తే వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు మీటరులో తేలాలిగా? అందులోనూ మా బిల్లుల్లో ఉన్నంతే. ఇంకోటి కూడా రాసుకోండి. పోయిన నెల మా మూడు వందల పన్నెండు ఇళ్లూ కలిపి పదిహేడు వేల యూనిట్లు. కొండ మీది బంగళా ఒక్కటే పంతొమ్మిది వేలు. మాకు రోజూ రెండు గంటల కోత. అక్కడ ఆర్నెల్లలో ఒక్క నిమిషం లేదు. చెప్పండి, కోత ఎవరికి వెయ్యాలి?”

ఇంజినీరు మొహం కందగడ్డ అయింది. “అది మా చైర్మన్ గారి ఇల్లు! గేటుకు కాపలా, లోపల కుక్కలు. ఆ మీటరు బయటివాళ్ల కంట పడే వీలే లేదు. అంతా కట్టుకథ సార్!”

విచారణాధికారి మిషనక్క వైపు తిరిగాడు.

“చూడమ్మా, ఆ అంకె నిజమని తేలితే ఈ ప్రతిపాదన ఇక్కడే కొట్టేస్తాను. చూసి రాసినవాళ్లెవరు?”

“ఒకావిడ. పేరు తెలీదు సార్. అడగాల్సినప్పుడు సబ్బునీళ్లు పోశాను.” మిషనక్క తల దించలేదు. “నాకంటే మొండిది. అబద్ధం రాసే రకం కాదు. ఈ కవరు మీకిమ్మంది.”

ఆయన కవరు చించాడు. ప్రమాణపత్రం, దానికి కుట్టిన ఆరు నెలల బంగళా బిల్లులు. రెండుసార్లు చదివాడు. ఎర్రసిరా పెన్ను తీసి ప్రతిపాదన మీద ఈ మూల నుంచి ఆ మూలకు గీత కొట్టాడు.

వెనక వరుసల్లో ఈలలు. మిషనక్క కళ్లు మాత్రం గుమ్మం దగ్గర, కిటికీల దగ్గర, గోడల వారన నిలబడ్డ ప్రతి మొహంలోనూ వెతుకుతున్నాయి. ఆవిడ ఎక్కడా లేదు.

అధికారి కాగితాన్ని మొదటి వరుస వైపు తిప్పి పట్టుకున్నాడు.

“ఈ సంతకం చేసినావిడ మీకు తెలుసా?”

చైర్మన్ ముందుకు వంగి సంతకం చూశాడు.

“పోయిన నెల వరకు,” అన్నాడు, “నా భార్య.”