సాయవ్వ హారతి

ఎన్నికల ప్రచారంలో కట్టిన జెండాకైనా, పోసిన చాయ్‌కైనా ఎవరు ఎంత పెట్టారో ఆ క్షణమే వీధి తెరమీద పడే రోజులవి. కోరుట్లలో గడపకొచ్చిన అభ్యర్థి రజితకు ముసలి సాయవ్వ హారతి పట్టింది. పాత అలవాటుకొద్దీ రజిత పళ్లెంలో ఐదువందల నోటు వేసింది.

“అత్తమ్మా, తెరమీద నీ పేరు పడ్డది! ఓటరు సాయవ్వకు ఐదువందలట!” కోడలు నవిత అరిచింది.

సాయవ్వ మొహం కందిపోయింది. “నోటు తీస్కో బిడ్డా. నేను దీవెన ఇచ్చిన, అమ్ముకోలే.”

రజిత సిగ్గుపడి నోటు తీసుకుంది. తెరమీద అక్షరాలు మారాయి: ‘సాయవ్వ హారతి, సున్నా రూపాయలు.’

సాయంత్రం అవతలి పార్టీ అభ్యర్థి వచ్చాడు. జేబులోకి పోబోయిన చెయ్యి తెర చూసి ఆగింది. వట్టి చేతులతో దండం పెట్టాడు.

సాయవ్వ ఇంకో కర్పూరం బిళ్ళ వెలిగించింది.