దాలమ్మ పోసిన ముగ్గు

ఊరి శివారు బెహాలాలో కొన్న జాగాలో పునాదికి ముగ్గు పోస్తున్నారు. ఓడరేవు డాక్‌లో పనిచేసే గోవిందరాజు సున్నం పళ్ళెం తెచ్చి పెళ్ళాం చేతికిచ్చాడు.

"వొంటిల్లు నువ్వే గియ్యే, దాలమ్మా. ఎంత కావాలంటే అంత."

దాలమ్మ మధ్యలో కూర్చుంది. రెండు చేతులూ చాచి, అందినంత మేర చుట్టూ గీసింది.

"ఏటే ఇది, కోళ్ళగూడా?" గోవిందరాజుకు తిక్క రేగింది. "చెరిపేసి మళ్ళీ గియ్యి."

చెరిపి మళ్ళీ గీసింది. అంతే వచ్చింది.

పెళ్ళయిన నాటినుంచీ రేవు పక్కన వాట్‌గంజ్‌లో వాళ్ళది ఒకటే గది. దాని సగం ఎత్తులో చెక్కల అటక. పైన మరుదుల పడక, కింద దాలమ్మ వంట, అందరి తిండీ అక్కడే.

"నాకిది చాల్లే మావా," అంటూ దాలమ్మ లేచింది. తల వంచి, నడుం సగమే ఎత్తి, గీత దాటాక గానీ నిటారుగా నిలబడలేదు.

పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. గోవిందరాజు పగలబడి నవ్వాడు.

"ఏటి తగుల్తాదని అలగ ఒంగినావు? ఇలగియ్యి, నేను గీస్తాను."

పళ్ళెం లాక్కుని, విసురుగా గీత దాటి లోపలికి వెళ్ళాడు.

అతనూ తల వంచుకునే వెళ్ళాడు.