ఎడంచేతి ముడి

“పనితనమంటే ఇదీ! పట్నం నుంచి తెప్పించిన సరుకు. మీరూ ఇలా కుట్టడం నేర్చుకుంటే ఇకమీదట మీ దగ్గరే కొంటాం,” అంటూ ఫ్యాక్టరీ కొనుగోలు ఆఫీసరు తోలు గ్లోవు ఒకటి పైకెత్తి చూపించాడు.

శిక్షణకు పిలిచిన కుట్టుపనివాళ్లంతా చప్పట్లు కొట్టారు.

ముందు వరసలో ఉన్న ఎడంచేతక్క మాత్రం లేచి, ఆ గ్లోవు అందుకుని తిరగేసింది. ఊళ్లోవాళ్ల పని నాసిరకమని ఆమె శాంపిళ్లను మూడుసార్లు తిప్పిపంపింది ఈ మహానుభావుడే. గ్లోవు లోపల, బొటనవేలి కుట్టు దగ్గర, ముడి ఎడమవైపుకు పడి ఉంది. ఊరు మొత్తమ్మీద అలా ముడేసేది ఆమె ఒక్కతే.

“సార్, ఇది నేను కుట్టిందే. పోయిన నెల దళారి కొని పట్టుకెళ్లాడు.”

ఆఫీసరు ఉలిక్కిపడనైనా లేదు. ఆమె చెవి దగ్గరకు వంగి, “తెలుసమ్మా. ఆ దళారి మా బావమరిదే. నిన్ను ఏరికోరి పిలిచిందీ అందుకే. పని ముందే వచ్చినవాళ్లకు నేర్పితేనే కదా, మా శిక్షణ ఫలించిందని రాసుకోగలం! నవ్వు, ఫొటో తీస్తున్నారు,” అన్నాడు.

ఆమె ముడిని పంటితో కొరికి, దారం కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. కుట్టు సర్రున విడిపోయి, బొటనవేలు ఊడి ఆయన బూటు మీద పడింది.

బల్ల మీదున్న సూదీ దారం ఆయన చేతిలో పెట్టి, అందరికీ వినపడేలా అంది.

“నేర్పండి సార్.”