మూడో భాగం

"బాత్రూమ్ అటు కాదండీ, వెనక."

టార్చి వెలుగు పడగానే ఆ పెద్దాయన ఇటు తిరిగాడు. ఎడమవైపు తలుపుకి వేలాడుతున్న తాళం ఇంకా అతని చేతిలోనే ఉంది.

"బాత్రూమ్ కోసం కాదమ్మా. ఆట నడుస్తుంటే దీనికి తాళమెందుకు?"

"టికెట్ లేనివాళ్ళు దూరిపోతారని."

"తాళంచెవి?"

"మేనేజర్‌గారి దగ్గర."

"ఆయనెక్కడ?"

"భోజనానికి ఇంటికెళ్ళారు."

"లోపల ఎంతమందున్నారు?"

"ఆరువందల ఇరవై. హౌస్‌ఫుల్. కూర్చోండి బాబూ, వెనకవాళ్ళు అరుస్తున్నారు."

అతను ఆ తలుపు పక్క సీట్లోనే కూర్చున్నాడు.

తెరమీద హిందీ సినిమా రెండో భాగం. లంచాలు తిన్నవాళ్ళని వెతికి వెతికి చంపే హీరో. మొదటి భాగంలో ఐదుగురు, ఇందులో పదకొండుమంది. ఒక ఆఫీసర్ని మేడమీంచి తలకిందులుగా వేలాడదీసి, కిందనున్న జనాన్ని అడుగుతాడు, వీణ్ణి ఏం చెయ్యమంటారని.

హిందీ ముక్క రానివాళ్ళు కూడా హాల్లో ఒక్క గొంతుతో "చంపెయ్" అంటారు.

అక్కడ ఆ పెద్దాయన పెదాలు కూడా కదిలాయి.

టార్చి పట్టుకుని సీట్లు చూపించే టార్చక్కకి మాత్రం ఏమీ అనిపించలేదు. భర్త చనిపోయిన ఏడాదే ఈ హాల్లో చేరింది. పన్నెండేళ్ళయింది. నవ్వు సినిమా అయితే పాప్‌కార్న్ ఎక్కువ ఊడ్వాలి, ఏడుపు సినిమా అయితే తక్కువ. అంతకుమించి తేడా తెలియడం మానేసి చాలాకాలమైంది.

మర్నాడూ మ్యాట్నీకి వచ్చాడు. ఆ మర్నాడూ.

నాలుగోరోజు మేనేజర్ని పట్టుకున్నాడు.

"ఏ డిపార్టుమెంటండీ మీది?" అన్నాడు మేనేజర్.

"ఇప్పుడు ఏదీ కాదు."

"మరి మీకెందుకీ గొడవ? అందరి అంతూ చూడ్డానికి తెరమీద ఒకడున్నాడుగా!" మేనేజర్ పగలబడి నవ్వాడు. "మూడో భాగంలో మిమ్మల్నే హీరోగా పెట్టమని చెప్తాలెండి."

సాయంత్రానికి క్యాంటీన్ దాకా అతని పేరు 'మూడో భాగం' అయి కూర్చుంది.

అతను ఫిర్యాదు రాశాడు. దాన్ని పట్టుకుని తనిఖీకి ఒక ఆఫీసర్ వచ్చాడు. మేనేజర్ గదిలో టీ తాగి, కుర్చీలోంచి లేవకుండానే ఏదో రాసుకుని, ఫిర్యాదు కాగితం ఆ బల్లమీదే వదిలేసి వెళ్ళాడు.

"ఆ మూడో భాగం ఇంకోసారి గేటు దాటాడంటే నీ ఉద్యోగం ఊడుతుంది," అన్నాడు మేనేజర్ టార్చక్కతో.

మర్నాడు గేటు దగ్గర ఆమే అతని జబ్బ పట్టుకుని గెంటింది. చొక్కాలోపల ఎముక తప్ప ఏమీ తగల్లేదు.

"మీకు దణ్ణం పెడతాను, వెళ్ళిపోండి. మీ వల్ల నా నోటికాడ కూడు పోయేట్టుంది."

"వెళ్తానమ్మా. ఆ తాళంచెవి మాత్రం నీ దగ్గర పెట్టుకో. మేనేజర్ భోజనానికెళ్తాడు. నువ్వు ఇక్కడే ఉంటావు కదా."

క్యూలో ఎవరో ఈల వేశారు. జనం నవ్వారు. అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఎందుకడిగిందో ఆమెకే తెలీదు. ఆ తలుపు మూల బొద్దింకలు చేరాయి, రోజూ తలుపు తీసి ఊడవాలని చెప్పి మేనేజర్ దగ్గర తాళంచెవి తీసుకుంది. తాడు కట్టి మెళ్ళో వేసుకుంది.

ఆ తర్వాత రెండో ఆదివారం మ్యాట్నీలో తెర వెనక వైరు అంటుకుంది.

హీరో ముఖం మధ్యలో నల్లటి మచ్చ పడింది. అదీ సినిమాలోదే అనుకుని జనం ఈలలేశారు. తర్వాత పొగ వచ్చింది. అందరూ తాము వచ్చిన తలుపుకేసే పరిగెత్తి అక్కడ ఇరుక్కుపోయారు.

టార్చక్క ఎడమ తలుపు తాళం తీసింది. టార్చి ఊపుతూ "ఇటు, ఇటు" అని అరిచింది. ఆ గొంతు తనదనిపించలేదు.

అందరూ బయటపడ్డారు. ఒకతని కాలు బెణికింది, అంతే.

రోడ్డుమీద ఎవరో ఆమె చేతులు పట్టుకుని ఏడ్చారు. ఎవరో ఆమెకి నీళ్ళు తాగించారు. ఆమె వాళ్ళని తెరమీద బొమ్మల్ని చూసినట్టు చూసింది.

మూడోరోజు, మేనేజర్ బల్లమీది ఫిర్యాదు కాగితంలోని చిరునామా పట్టుకుని వెళ్ళింది. మూడో అంతస్తులో ఒంటిగది. తలుపు తీసింది అతని చెల్లెలు.

"అన్నయ్య లేడమ్మా. పోయి పదిరోజులైంది. ఊరి ఆ చివర ఇంకో సినిమా హాలు లేదూ, అక్కడ తలుపు దగ్గర వాదులాడుతూ మెట్లమీదే కూలిపోయాడట."

టార్చక్క గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు.

"మా హాల్లోంచి ఆయన్ని గెంటింది నేనేనండీ," అంది చివరికి.

"అందరూ గెంటారు. లోపలికొచ్చి కూర్చో," అంది చెల్లెలు.

"మొన్న మా హాలు అంటుకుంటే ఆరువందల మంది ఆయన వల్లే బతికారు. ఒక్క మాటడుగుతాను, ఏమీ అనుకోకండి. ఇలాంటి మంటల్లో మీవాళ్ళెవరైనా పోయారా? పిల్లలెవరైనా?"

"మావాళ్ళెవరూ పోలేదు. అన్నయ్య అసలు పెళ్ళే చేసుకోలేదు."

"మరి ఎందుకలా హాళ్ళ చుట్టూ తిరిగేవారు?"

చెల్లెలు కిటికీ రెక్క తీసి, మళ్ళీ వేసింది.

"పదహారేళ్ళ కిందట ఒక హాలు తగలబడి నలభైముగ్గురు చనిపోయారు, విన్నావా?"

"విన్నాను. తలుపులన్నిటికీ తాళాలేసి ఉన్నాయన్నారు."

"ఆ తలుపులన్నీ సవ్యంగా ఉన్నాయని, ఆ హాలు గడపైనా తొక్కకుండా సంతకం పెట్టిన ఆఫీసరు మా అన్నయ్యే."